లాస్ ఏంజెలెస్ నిరాశ్రయుల లెక్క వరుసగా రెండో ఏడాది తగ్గింది: దీన్ని పురోగతి అనవచ్చా?

తీరవాసి (సెరిటోస్)

సభ్యులందరికీ నమస్కారం. లాస్ ఏంజెలెస్ కౌంటీలో, అంటే ఆ నగరమూ చుట్టుపక్కల ఊళ్లూ కలిసిన జిల్లా లాంటి ప్రాంతంలో, నిరాశ్రయుల వ్యవహారాలు చూసే లాస్ ఏంజెలెస్ హోమ్‌లెస్ సర్వీసెస్ అథారిటీ, అంటే అందరూ పొట్టిగా లాసా అనే సంస్థ, 2025 గణన ఫలితాలను జూలై 14న విడుదల చేసింది. నగరమూ కౌంటీ ప్రభుత్వమూ కలిసి 1993లో ఏర్పాటు చేసిన సంస్థ ఇది. ఏటా ఈ లెక్క వచ్చినప్పుడల్లా మన వేదికలో చర్చ రెండు మూడు కోపపు మాటలతో ఆగిపోతోంది కనుక, ఈసారి అంకెలు ముందు పెట్టి ఆ తర్వాతే ప్రశ్న అడుగుతున్నాను.

కౌంటీ మొత్తం మీద 2023లో 75,518 మంది, 2024లో 75,312 మంది, 2025లో 72,308 మంది నిరాశ్రయులుగా తేలారు. ఒక్క లాస్ ఏంజెలెస్ నగరాన్నే తీసుకుంటే ఆ మూడేళ్ల అంకెలు వరుసగా 46,260, 45,252, 43,699. 2024లో కౌంటీలో తగ్గింది 0.3 శాతమే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈసారి అది 4 శాతానికి చేరింది. అసలు మార్పు ఈ మొత్తాల లోపల ఉంది. ఫుట్‌పాత్‌ల మీద, టెంట్లలో, కార్లలో రాత్రి గడిపేవారు కౌంటీలో 52,365 నుంచి 47,413కు తగ్గగా, షెల్టర్లలో తలదాచుకుంటున్నవారు 22,947 నుంచి సుమారు 24,900కు పెరిగారు. టెంటు నుంచి షెల్టరుకు మారిన మనిషి ఇంకా నిరాశ్రయుల లెక్కలోనే ఉంటాడని గుర్తుంచుకోవాలి.

వెనక్కి వెళితే, 2015లో 44,359గా ఉన్న సంఖ్య 2020 నాటికి 66,436కు, 2022 నాటికి 69,144కు ఎగబాకింది. వరుసగా రెండేళ్లు తగ్గడం ఈ పదేళ్లలో ఇదే మొదటిసారి. ఈ పని కోసం ప్రత్యేకంగా సేల్స్ టాక్స్ కడుతున్నవాళ్లం కనుక అడుగుతున్నాను: ఇది నిజంగా పురోగతేనా, లేక లెక్కించే తీరులో వచ్చిన తేడానా? ఒక సంస్థ ఏడాది పనిని ఏ అంకెతో తూచాలి?

లెక్కల మాస్టారు (ఇర్వైన్)

తీరవాసి గారూ, ప్రశ్న బాగుంది. అయితే ముందుగా ఒక విషయం: మీరిచ్చిన సంఖ్యల చివరి అంకెలను అంతగా నమ్మకండి. 72,308 అని ఒక్కరితో సహా చెప్పినా, అది మనిషి మనిషినీ లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు, అంచనా.

కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ నుంచి నిధులు పొందే ప్రాంతాలన్నీ జనవరి ఆఖరి పది రోజుల్లో ఒక రాత్రిని ఎంచుకుని ఈ గణన జరపాలి. లాస్ ఏంజెలెస్ చాలా పెద్దది కాబట్టి ఇక్కడ దాన్ని మూడు రాత్రులకు విస్తరిస్తారు. 2025 జనవరి 7న మొదలైన కార్చిచ్చుల వల్ల గణన ఫిబ్రవరి 18 నుంచి 20 వరకు జరిగింది. షెల్టర్లలో ఎంతమంది ఉన్నారో రికార్డుల్లోనే దొరుకుతుంది కనుక ఆ భాగం గట్టిదే. బయట ఉన్నవారి విషయం అలా కాదు. స్వచ్ఛంద కార్యకర్తలు వీధులన్నీ తిరిగి, కంటికి కనిపించిన మనుషులను ఒక పద్దు కింద, టెంట్లను, రేకులూ అట్టలూ పట్టాలతో కట్టుకున్న గుడారాలను, మనుషులు కాపురం ఉంటున్న కార్లను, వ్యాన్లను, ఇల్లులా వాడుకునే పెద్ద వాహనాలైన ఆర్‌వీలను వేరువేరు పద్దుల కింద నమోదు చేస్తారు. ఆ తర్వాత దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నమూనా సర్వే జరిపి, ఒక్కో టెంటులో, ఒక్కో కారులో సగటున ఎందరుంటారో అంచనా కట్టి, ఆ సగటుతో గుణిస్తారు. ఈ సగటు కాస్త అటూ ఇటూ అయితే మొత్తంలో వేలల్లో తేడా వస్తుంది.

అందుచేత 2024లో 75 వేల మందిలో 206 మంది తగ్గారన్న మాటకు గణాంకశాస్త్రం ప్రకారం అర్థం లేదు; ఉన్నచోటనే ఉంది అనాలి. 2025లోని 4 శాతాన్ని అలా కొట్టిపారేయలేం. నగరంలో చూసినా, కౌంటీలో చూసినా, వీధుల్లో ఉన్నవారినే చూసినా తగ్గుదలే కనిపిస్తోంది కాబట్టి ఏదో మారిందనే నేననుకుంటున్నాను.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ హాలీవుడ్, వెనిస్, స్కిడ్ రో ప్రాంతాల్లో సొంతంగా, మరింత శిక్షణ పొందిన సిబ్బందితో లెక్కలు తీస్తోంది. ఆ మూడు ప్రాంతాల్లో 2025 అధికారిక గణనకు దాదాపు మూడో వంతు మంది చిక్కలేదని ఆ సంస్థ తేల్చింది. దానికి వాళ్లు చూపిన కారణం ఆలోచించదగ్గది. నగరం టెంట్ల శిబిరాలను తొలగిస్తున్నకొద్దీ, టెంటు కూడా లేకుండా ఏ దుకాణం అరుగు మీదో దుప్పటి పరుచుకుని పడుకునేవారి వాటా పెరిగింది. టెంటు దూరం నుంచే కనిపిస్తుంది, దుప్పట్లో ముడుచుకున్న మనిషి కనిపించడు. అంటే సంస్థ చేసే పనే ఆ పనిని కొలిచే కొలమానాన్ని కొంత చెడగొడుతోంది.

గోదారి గట్టు (టోరెన్స్)

మాస్టారు చెప్పింది నాకు ప్రత్యక్షంగా తెలుసు, ఎందుకంటే ఈ గణనకు నేనూ స్వచ్ఛందంగా వెళ్లాను. చీకటి పడ్డాక ఒక చర్చి హాల్లో అందరినీ కూర్చోబెట్టి అరగంట శిక్షణ ఇచ్చి, ఒక్కో కారుకు ముగ్గురు నలుగురిని జట్టుగా చేసి, ఒక్కో జట్టుకు కొన్ని వీధుల మ్యాపు అప్పగించారు. ఒకరు కారు నడపాలి, ఒకరు మ్యాపు చూడాలి, మిగిలినవారు రెండు పక్కలా గమనిస్తూ ఫోనులోని యాప్‌లో నొక్కాలి. ఎవరినీ పలకరించకూడదు, నిద్ర లేపకూడదు, టెంటు లోపలికి లైటు వేయకూడదు. ఆ మనుషుల మర్యాద కాపాడడానికి పెట్టిన నియమాలివి, సరైనవే. కానీ వీటివల్ల లెక్క ఊహ మీద ఆధారపడుతుంది.

ఉదాహరణకు కార్ల సంగతే చెబుతాను. వీధి వెంట వరసగా ఆపి ఉన్న వాటిలో ఏది ఖాళీది, ఏది కాపురం ఉన్నది? లోపలి నుంచి అద్దాలకు ఆవిరి పట్టి ఉందా, కిటికీలకు తువ్వాళ్లో వెండిరంగు అట్టలో అడ్డం పెట్టారా, వెనుక సీటులో సామాను కప్పుదాకా పేర్చి ఉందా అని చూసి తేల్చుకోమన్నారు. మా జట్టులో ఒక పాత టొయోటా కారు మీద వాదన జరిగింది. డ్యాష్‌బోర్డు మీద పళ్లు తోముకునే బ్రష్షు నిలబెట్టిన గ్లాసు, స్టీరింగుకు తగిలించిన ఇస్త్రీ చొక్కా, దాని జేబుకు ఏదో స్టోరు ఉద్యోగి బ్యాడ్జీ కనిపించాయి. ఒకాయన అది ఎవరో ఉద్యోగి కారేనని, మరొకావిడ అందులో మనిషి ఉంటున్నాడని అన్నారు. నిజానికి ఇద్దరి మాటలూ ఒకేసారి నిజం కావచ్చు కదా. చివరకు ఒక కారు అని నొక్కాం. కార్లలో కాపురాలు ఉండవనుకునే మంచి పేటల్లో, మెరిసే వీధుల్లో ఆపుకున్న ఇటువంటి కార్లు ఎన్ని తప్పిపోతాయో ఎవరు చెప్పగలరు?

పన్నుదారు (వాలెన్సియా)

లెక్కల నాణ్యత మీద మీరింత ఓపికగా మాట్లాడుతున్నారు కానీ, డబ్బు మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను ఎత్తుతాను.

2016 నవంబరులో నగర ఓటర్లు మెజర్ హెచ్‌హెచ్‌హెచ్ అనే ఓటింగు ప్రతిపాదన కింద 120 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతినిచ్చారు. పదేళ్లలో పదివేల ఇళ్లు కడతామన్నారు. 2022లో నగర కంట్రోలర్ ఆడిట్ చేస్తే నిర్మాణంలో ఉన్న ఒక్కో యూనిట్‌కు సగటున ఆరు లక్షల డాలర్ల దాకా అవుతోందని తేలింది. 2017లో మెజర్ హెచ్ పేరిట డాలరుకు పావు సెంటు అమ్మకపు పన్ను వేశారు. అది చాలదని 2024 నవంబరులో మెజర్ ఏ తెచ్చి, 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని అర సెంటు చేశారు. ఇది ఎప్పటికి ముగుస్తుందో తేదీ కూడా లేదు.

ఇక లాసా లెక్కల పుస్తకాల సంగతి. ఫెడరల్ న్యాయమూర్తి డేవిడ్ కార్టర్ ఆదేశం మేరకు అల్వారెజ్ అండ్ మార్సల్ సంస్థ చేసిన ఆడిట్ 2025 మార్చిలో వచ్చింది. నగర కార్యక్రమాలకు సంబంధించిన దాదాపు 230 కోట్ల డాలర్ల ఖర్చును సరిగా వెంబడించి చూడలేకపోయామని, ఒప్పందాల్లో ఏమేం సేవలు అందించాలో స్పష్టంగా లేదని, బిల్లులకు ఆధారాలు చాలవని ఆ నివేదిక చెప్పింది. వెంటనే ఏప్రిల్ 1న కౌంటీని పాలించే సూపర్‌వైజర్లు లాసా నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా నిధులను వెనక్కి తీసుకుని కొత్త శాఖ పెట్టాలని తీర్మానించారు. కొన్ని రోజులకే లాసా అధిపతి రాజీనామా ప్రకటించారు. తనను నడిపించే ప్రభుత్వమే నమ్మని సంస్థ జూలైలో వచ్చి 4 శాతం తగ్గించామని చెబితే, దాన్ని నేను చేసిన పనికి రుజువుగా ఎందుకు తీసుకోవాలి?

అద్దెదారు (కొరియాటౌన్)

పన్నుదారు గారూ, ఆడిట్ మీద మీ కోపం న్యాయమే. బిల్లుకు ఆధారం లేకపోతే చెల్లించకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ ఖర్చును, తగ్గిన తలల సంఖ్యను పక్కపక్కన పెట్టి భాగహారం చేస్తే తప్పుడు జవాబు వస్తుంది.

చెరువును తలచుకోండి. తూము తెరిచి ఎన్ని నీళ్లు వదిలారన్నది ఒక లెక్క, వాగు నుంచి ఎన్ని నీళ్లు వచ్చి పడుతున్నాయన్నది మరో లెక్క, గట్టు మీది కొలబద్ద ఈ రెంటి తేడానే చూపుతుంది. 2020లో లాసాయే ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది: అంతకు ముందటి ఏడాదిలో సగటున రోజుకు 207 మంది నిరాశ్రయ స్థితి నుంచి బయటపడుతుంటే, 227 మంది కొత్తగా అందులో పడుతున్నారు. అటువంటి ఏడాదిలో సంస్థ ఎంత బాగా పనిచేసినా జనవరి లెక్క పెరుగుతుంది. 2024లో దాదాపు 28 వేల మందిని శాశ్వత నివాసాల్లోకి చేర్చామని సంస్థ చెబుతోంది. గణనలో తగ్గింది మూడు వేలు. స్థూలంగా చూసినా, ఆ తేడాను పూరించడానికి పాతిక వేల మంది కొత్తగా వచ్చి చేరి ఉండాలి.

వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు? నేను ఉంటున్న భవనం లాంటి వాటి నుంచి. కాలిఫోర్నియాలో అద్దె బాకీ పడితే ఇచ్చే నోటీసుకు గడువు మూడు రోజులు, అందులో శని ఆదివారాలూ కోర్టు సెలవులూ కలపరు. మా అంతస్తులో ఒక తలుపుకు నీలం టేపుతో ఆ కాగితం అతికించి ఉండగా చూశాను. పైన చెల్లించాల్సిన మొత్తం, కింద ఎక్కడ ఏ వేళల్లో చెల్లించాలో, అంతే. అప్పీలు గురించి గానీ సాయం గురించి గానీ ఒక్క వాక్యం లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2023లో రాష్ట్రమంతటా జరిపిన అధ్యయనంలో, ఇల్లు పోగొట్టుకోవడానికి ముందు ఆ కుటుంబాల నెలసరి మధ్యస్థ ఆదాయం 960 డాలర్లని తేలింది. ఈ ఊళ్లో ఆ డబ్బుకు గది కూడా రాదు. వాగు ఎక్కడ మొదలవుతోందో ఈ అంకె చెబుతోంది, అది లాసా అధీనంలో లేని చోటు.

పయనీర్ వీధి (ఆర్టీసియా)

మీరంతా పెద్ద చదువులు చదివినవారు, నాది చిన్న సందేహం. ఇక్కడ మంచు పడదు, చలి తక్కువ, అందుకే దేశం నలుమూలల నుంచి నిరాశ్రయులు ఇక్కడికి వచ్చి చేరుతున్నారని మా దుకాణానికి వచ్చే ప్రతి పది మందిలో తొమ్మిది మంది అంటారు. అదే నిజమైతే ఎన్ని ఇళ్లు కట్టినా చాలవు కదండీ?

తులసికోట (పాసడీనా)

పయనీర్ వీధి గారూ, ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను. అద్దెదారు గారు ప్రస్తావించిన అధ్యయనమే దానికీ జవాబిచ్చింది: నిరాశ్రయుల్లో 90 శాతం మంది ఇల్లు పోగొట్టుకున్నది కాలిఫోర్నియాలోనే, 75 శాతం మంది చివరిసారి ఇల్లున్న కౌంటీలోనే ఇప్పటికీ ఉన్నారు. అంతేకాదు, ఒంటరి పెద్దల్లో దాదాపు సగం మంది యాభై ఏళ్లు దాటినవారు. ఎండ కోసం దేశం దాటి వచ్చే వయసు కాదు అది.

నేను ఒక స్వచ్ఛంద సంస్థలో నిరాశ్రయులకు ఇళ్లు వెతికిపెట్టే ఉద్యోగంలో ఉన్నాను. మా సంస్థకు డబ్బు లాసా ద్వారానే వస్తుంది కాబట్టి నా మాటల్ని ఆ మేరకు తగ్గించుకునే చదవండి. ఒక మనిషి వీధి నుంచి ఇంట్లోకి వెళ్లడానికి ఏమేం జరగాలో ఇక్కడ చాలామందికి తెలియకపోవచ్చు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట ఆ వ్యక్తి వివరాలు తీసుకుని ఉమ్మడి జాబితాలోకి ఎక్కిస్తాం. ఆరోగ్యం, ఎన్నేళ్లుగా బయట ఉన్నారు, ఎంత ప్రమాదంలో ఉన్నారు అన్న వాటిని బట్టి వరుస ఏర్పడుతుంది. జాబితాలో పైకి రావడం ఒక ఎత్తు, పైకి వచ్చిన రోజున కాగితాలు చేతిలో ఉండడం మరో ఎత్తు. గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఆదాయ పత్రం ఉండాలి. మా వాళ్లు వీటిని జిప్ పెట్టిన ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, నిద్రపోయేటప్పుడు చొక్కా లోపల పెట్టుకుంటారు. అయినా పారిశుద్ధ్య సిబ్బంది శిబిరం తొలగించిన రోజున ఆ మనిషి అక్కడ లేకపోతే సంచీ చెత్త లారీలోకి పోతుంది, మళ్లీ జనన ధ్రువపత్రం నుంచి మొదలుపెట్టాలి. ఇలా కొన్ని నెలలు వెనక్కి పోయినవారిని నేను చూశాను. గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో 2024 జూన్ 28న అమెరికా సుప్రీం కోర్టు తీర్పు వచ్చాక, షెల్టరు చూపించకపోయినా బహిరంగ స్థలంలో పడుకున్నందుకు జరిమానా వేసే వీలు ఊళ్లకు దొరికింది. పక్క ఊళ్ల నుంచి మనుషులు అటూ ఇటూ తరమబడుతున్నారు, మా వరుసలోని వాళ్లు దొరకడమే కష్టమవుతోంది.

కాగితాలన్నీ కుదిరి, అద్దెలో చాలా భాగం ప్రభుత్వం కట్టే వోచర్ వచ్చిందనుకుందాం. దానికి గడువు ఉంటుంది, ఆ లోపల ఇల్లు దొరకాలి. వోచర్‌తో అద్దె కడతామన్న కారణం చూపి ఇల్లు ఇవ్వననడం 2020 జనవరి నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం నిషిద్ధం. చట్టం తెలిసిన యజమాని ఆ కారణం చెప్పడు, ఫోను ఎత్తడు, లేదా ఇల్లు ఇప్పుడే వెళ్లిపోయిందంటాడు. మేయర్ కరెన్ బాస్ 2022 డిసెంబరులో మొదలుపెట్టిన ఇన్‌సైడ్ సేఫ్ కార్యక్రమం శిబిరాల్లో ఉన్నవారిని ఒక్కసారిగా మోటెల్ గదులకు తరలిస్తుంది. తలుపుకు గడియ, స్నానానికి వేడినీళ్లు, ఇవి చిన్న విషయాలు కావు. కానీ గదిలోకి బయటివారిని రానివ్వరు, ఎప్పుడు ఖాళీ చేయాల్సి వస్తుందో తెలియదు, మోటెల్ నుంచి అసలు ఇంటికి వెళ్లే దారి మాత్రం ఇంతకు ముందు చెప్పినంత ఇరుకే. మోటెళ్లు, షెల్టర్లు ఆ మేరకు నిండుతున్నాయి, తీరవాసి గారు చూపిన రెండు అంకెల్లో ఒకటి తగ్గి మరొకటి పెరగడంలో దీని పాలు చాలా ఉంది.

కనుక నాకు పురోగతి అంటే, షెల్టరులో చేరిన మనిషి అక్కడ ఎన్ని నెలలున్నాడు, అక్కడి నుంచి ఇంటికి వెళ్లాడా, వీధికి తిరిగి వెళ్లాడా అన్నది. ఆ లెక్కలు మా కంప్యూటర్ వ్యవస్థలో ఉంటాయి. జూలైలో పత్రికల మొదటి పేజీకి ఎక్కేవి మాత్రం అవి కావు.

సికింద్రాబాద్ వాసి

నేను హైదరాబాద్ నుంచి ఈ చర్చను చదువుతున్నాను. మీ దగ్గర లెక్క తప్పని తగవు పడుతున్నారు. మా దగ్గర తగవు పడడానికి లెక్కే లేదు.

మన జనగణనలో ఇల్లులేనివారిని చివరిసారి లెక్కించింది 2011 ఫిబ్రవరి 28 రాత్రి. దేశం మొత్తం మీద 17.73 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షల మంది తేలారు. ఆ తర్వాత ఇన్నేళ్లూ నగరపాలక సంస్థలు అప్పుడప్పుడు చేసుకున్న సర్వేలే తప్ప, ఏటా ఒకే పద్ధతిలో తీసి జనం ముందు పెట్టే సంఖ్య లేదు. మా దగ్గర పురోగతిని కొలిచేది షెల్టర్ల సంఖ్యతో. ఢిల్లీ చలి మరణాల నేపథ్యంలో 2010లో సుప్రీం కోర్టు, నగర జనాభాలో ప్రతి లక్ష మందికి ఒక షెల్టరు, అదీ ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండేది, ఉండాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాన్నే మార్గదర్శకంగా తీసుకుని మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటని కూడా రాసింది. 2011 నాటి జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షలు కాబట్టి 67 షెల్టర్లు ఉండాలి. ఉన్నవి దాని దరిదాపుల్లో కూడా లేవు. ఆ మిషన్ గడువు కూడా 2024 సెప్టెంబరుతో ముగిసింది.

మరొక తేడా ఉంది. ఉస్మానియా, నీలోఫర్ ఆసుపత్రుల బయట ఫుట్‌పాత్ మీద చాపలు పరుచుకుని పడుకునే రోగుల బంధువులకు జిల్లాలో ఇల్లుంది. అడ్డా మీద నిలబడే కూలీలకు పాలమూరులో ఇల్లుంది. వాళ్లకు కావలసింది ఇక్కడ, ఈ నెల, పనికీ ఆసుపత్రికీ దగ్గరగా చోటు. అందుకే ఆసుపత్రుల పక్కన కట్టిన షెల్టర్లు నిండుతాయి, ఊరి చివర కట్టినవి ఖాళీగా ఉంటాయి. షెల్టర్ల సంఖ్య మాత్రమే చూపే వార్షిక నివేదికలో ఈ తేడా కనిపించదు. మీ లాసా లెక్కలో వెయ్యి లోపాలున్నా, ఒప్పుకోని వారు ఎదురు లెక్క తీయడానికి అవకాశమిచ్చే లెక్క ఒకటుంది. అది చిన్న సంగతేమీ కాదు.

నిర్వాహకులు

హైదరాబాద్ షెల్టర్ల మీద వేరుగా చర్చ తెరవమని ఇద్దరు సభ్యులు కోరారు, తెరిచాము. ఇక్కడ లాస్ ఏంజెలెస్ వార్షిక లెక్క మీదే కొనసాగించగలరు. రాజకీయ పార్టీల మీద రాసిన రెండు టపాలను తొలగించాము.

పన్నుదారు (వాలెన్సియా)

తులసికోట గారు తన జీతం ఎక్కడి నుంచి వస్తుందో ముందే చెప్పి మాట్లాడారు, అందుకు గౌరవిస్తున్నాను. అద్దెదారు గారి చెరువు వాదనను కూడా కాదనను. కానీ ఆ వాదన సంస్థకు సులువైన తప్పుకునే దారి కాకూడదు. సంఖ్య తగ్గితే మా ఘనత, పెరిగితే అద్దెల తప్పు అంటే ఎప్పటికీ జవాబుదారీ ఉండదు.

గుణింతాలూ ఊహలూ అక్కరలేని అంకె ఒకటుంది, దాన్ని ఎవరూ ఇక్కడ పెట్టలేదు. కౌంటీ ప్రజారోగ్య శాఖ నివేదికల ప్రకారం నిరాశ్రయులుగా ఉండి చనిపోయినవారు 2023లో 2,508 మంది, 2024లో 2,208 మంది. తగ్గిన మాట నిజమే, అధిక మోతాదు మత్తుమందుల వల్ల పోయేవారు తగ్గడం దానికి ప్రధాన కారణమంటున్నారు. అయినా ఇంకా రోజుకు ఆరుగురు. టెంటును తప్పుగా లెక్కపెట్టవచ్చు, మరణాన్ని తప్పుగా లెక్కపెట్టడం కష్టం. వార్షిక నివేదిక మొదటి పేజీలో ఇదుండాలి.

లెక్కల మాస్టారు (ఇర్వైన్)

మరణాల సంఖ్య గురించి మీరు చెప్పింది చాలావరకు సరే. చనిపోయిన మనిషి నిరాశ్రయుడా కాదా అని నిర్ణయించడంలోనూ కొంత ఊహ ఉంటుంది, కానీ టెంట్ల గుణింతంతో పోలిస్తే అది చాలా గట్టి సంఖ్య. అయితే దాన్ని కూడా సంస్థ పనికి నేరుగా ముడిపెట్టలేరు. వీధుల్లో దొరికే ఫెంటనిల్ అనే మత్తుమందు పాళ్లు మారితేనో, ప్రాణం నిలిపే నాలోక్సోన్ స్ప్రే ఎక్కువ మందికి అందితేనో మరణాలు మారతాయి. వాటిలో కొంత ప్రజారోగ్య శాఖ పని, కొంత ఎవరి పనీ కాదు.

తీరవాసి (సెరిటోస్)

మీ అందరి జవాబులు చదివాక మెజర్ ఏ పత్రాలు తిరగేశాను. జవాబుదారీ గురించి పన్నుదారు గారు అడిగినదానికి దగ్గరగా వచ్చేది అందులో ఉంది. పాత మెజర్ హెచ్‌లో లేని విధంగా ఇందులో లక్ష్యాలు అంకెల్లో పెట్టాలన్న నిబంధన ఉంది. ఆ ప్రకారం ఆరుబయట ఉండేవారి సంఖ్యను 2024 స్థాయి నుంచి 2030 నాటికి 30 శాతం తగ్గించాలని కౌంటీ నిర్ణయించుకుంది. అంటే 52,365 నుంచి సుమారు 36,700కు. మొదటి ఏడాదిలో దాదాపు అయిదు వేలు తగ్గింది కాబట్టి కాగితం మీద వేగం సరిపోతుంది. మాస్టారు చెప్పిన చిక్కు మాత్రం ఇక్కడ మరింత తీవ్రమవుతుంది: లక్ష్యం పెట్టిందే బయట కనిపించేవారి మీద కాబట్టి, కనిపించకుండా చేసినా లక్ష్యం నెరవేరినట్టే కనిపిస్తుంది. కొత్తగా నిరాశ్రయులయ్యేవారిని తగ్గించడం, శాశ్వత ఇళ్లలోకి వెళ్లేవారిని పెంచడం కూడా లక్ష్యాల్లో ఉన్నాయి కనుక, ఆ మూడూ కలిపి చూస్తే తప్ప మొదటిదాన్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

మరొకటి, మెజర్ ఏ రాబడిలో 35.75 శాతం కౌంటీ స్థాయిలో ఏర్పడిన వేరొక గృహవసతి సంస్థకు వెళ్తుంది. చవక ఇళ్ల నిర్మాణం, ఉన్నవాటిని కాపాడడం, అద్దెదారులు ఇల్లు పోగొట్టుకోకుండా ఆదుకోవడం ఆ సంస్థ పని. అద్దెదారు గారు చెప్పిన వాగు దగ్గర చేసే పని అదే. ఇళ్ల ఖర్చు ఒక సంస్థది, వీధి సేవలు కౌంటీ కొత్త శాఖవి, జనవరి గణన లాసాది అయినప్పుడు, వచ్చే ఏళ్లలో సంఖ్య తగ్గినా పెరిగినా ఎవరిని అడగాలో తెలుసుకోవడం ఇప్పటికన్నా కష్టమవుతుందేమోనన్న అనుమానం నాకుంది.

అద్దెదారు (కొరియాటౌన్)

ఆ అనుమానం నాకూ ఉంది. లాసాను పక్కన పెట్టడమే సంస్కరణ అన్నట్టు పత్రికలు రాస్తున్నాయి. ఒప్పందంలో సేవలేమిటో రాయకుండా బిల్లులు చెల్లించిన అలవాటు, బోర్డు మీది పేరు మారినంత మాత్రాన పోదు.

పయనీర్ వీధి (ఆర్టీసియా)

తులసికోట గారూ, నా సందేహానికి ఓపికగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. మరో సంగతి అడుగుతాను. మా ఇంటి వెనుక గ్యారేజీని గదిగా మార్చాం, ఇన్నాళ్లూ మా అబ్బాయి ఉండేవాడు, ఇప్పుడు ఖాళీ. వోచర్ ఉన్నవారికి అద్దెకు ఇవ్వాలంటే ఏం చేయాలి? అద్దె సరిగా వస్తుందా? ఏదైనా పాడైతే ఎవరు భరిస్తారు? మా ఆవిడకు భయం ఎక్కువ, అందుకే ముందుగా తెలుసుకుంటున్నాను.

తులసికోట (పాసడీనా)

తప్పకుండా చెబుతానండీ. అద్దెకు దిగేవారు తమ ఆదాయంలో సుమారు 30 శాతం చెల్లిస్తారు, మిగిలింది వోచర్లు ఇచ్చే హౌసింగ్ అథారిటీ నుంచి నెలనెలా నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఆ భాగం ఆలస్యమవడం మొదటి నెలలో జరగవచ్చు, తర్వాత సాధారణంగా జరగదు. డిపాజిట్ తీసుకోవచ్చు, 2024 జూలై నుంచి రాష్ట్ర చట్టం దాన్ని ఒక నెల అద్దెకు పరిమితం చేసింది, మీలాంటి చిన్న యజమానులకు రెండు నెలల దాకా వెసులుబాటు ఉంది. డిపాజిట్‌కు మించిన నష్టానికి, మనిషి వచ్చేదాకా గది ఖాళీగా పట్టి ఉంచిన కాలానికి కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటును కౌంటీ నడిపింది, కానీ నిధులు ఏటా మారుతుంటాయి కనుక సంతకం పెట్టే ముందు ఈ ఏడాది అది ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఎవరికి ఇవ్వాలో మీరే మాట్లాడి నిర్ణయించుకోవచ్చు, అందరి మాదిరే పాత యజమానుల వివరాలూ అడగవచ్చు. వోచర్ అన్న ఒక్క కారణంతో మాత్రం కాదనకూడదు.

అన్నిటికన్నా ముందు మీరు చూసుకోవలసింది పర్మిట్. గ్యారేజీని గదిగా మార్చినప్పుడు నగరం నుంచి అనుమతి తీసుకున్నారా? లేకపోతే తనిఖీలో నిలవదు, మనిషి సామానుతో వచ్చాక ఆగిపోతుంది. అనుమతి ఉంటే ఆ కాగితం నకలు, గదిలో పొగ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తున్నాయో లేదో చూసి నాకు ఇక్కడే ప్రైవేటు సందేశం పెట్టండి. ఆర్టీసియా వైపు ఇల్లు వెతుకుతున్నవారు మా జాబితాలో ఉన్నారు.